ఇందులో మీరు చేసినది ఏది?

గుంటూరు నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. సలాముల అనంతరం ఆమె చెప్పుకున్న బాధ క్లుప్తంగా ఇది. భర్త దర్జీ. ఒక్కగానొక్క కుమారుడు డిగ్రీ పూర్తి చేసి, సినిమాలకు, కంప్యూటర్ ఆటలకు దృశ్యాలు తయారుచేసే విద్య నేర్చుకుంటానన్నాడు. తన చేతి గాజులు అమ్మి ఏడాది పాటు శిక్షణ ఇప్పించారామె. ఆ తరువాతి ఎనిమిది నెలల్లో హైదరాబాదులో మూడు ఇంటర్వ్యూలు జరిగాయి. మూడు చోట్లా “తరువాత తెలియజేస్తాం” అన్నారు. ఎవరూ తెలియజేయలేదు. ఇప్పుడు బంధువుల్లో ఒకరు తమ సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చోబెట్టమంటున్నారు. తండ్రి ఏమీ మాట్లాడటం లేదు. “ఇది అసలు ఉద్యోగమేనా, లేక మా అబ్బాయి ఆటలాడుకుంటూ ఏడాది గడిపేశాడా? మాకు విడమరచి చెప్పేవారు ఎవరూ లేరు” అని ఆ తల్లి ముగించారు.

ఇదే ప్రశ్న కడప నుంచి, నిజామాబాదు నుంచి, గల్ఫులో ఉంటున్న తండ్రుల నుంచి కూడా వస్తూ ఉంటుంది. కనుక ఈ నెల మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. నేను ఈ వృత్తిలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను. కొన్నేళ్లుగా కొత్తవారిని ఎంపిక చేసేవారిలో ఒకడిగా ఇంటర్వ్యూలలో కూర్చుంటున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ కుర్చీలో నుంచి చూసినదే.

ముందుగా తల్లి ప్రశ్నకు సమాధానం. ఔను, ఇది ఉద్యోగమే. 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాకు ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారాన్ని అందుకున్నది హైదరాబాదు సంస్థ మకుట. 2008 నుంచి మన పిల్లలు టీవీలో చూస్తున్న ‘ఛోటా భీమ్’ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ సంస్థ కూడా హైదరాబాదుదే. ఆటల విషయానికి వస్తే, బెంగళూరులో 1997లో ప్రారంభమైన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ సంస్థల ఆటలకు ఏళ్ల తరబడి చిత్రకళా పని చేసిపెట్టింది. 2019లో రాక్‌స్టార్ గేమ్స్ దానిని కొనుగోలు చేసింది. తెరపై రెండు సెకన్లు కనిపించే ఒక వీధి వెనుక పదుల సంఖ్యలో మనుషుల నెలల శ్రమ ఉంటుంది. వారందరూ జీతగాళ్లే.

అయితే తల్లిదండ్రులకు పూర్తి చిత్రం తెలియాలి. ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాకు దృశ్య మాయాజాలం సమకూర్చిన అమెరికా సంస్థ రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా ప్రకటించింది. అదే నెలలో ఆ సినిమాకు దృశ్య ప్రభావాల ఆస్కార్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబయిలలోని ఉద్యోగులు ఒక్కసారిగా వీధిన పడ్డారు. ఈ రంగంలో పని ప్రాజెక్టులను బట్టి వస్తుంది, ప్రాజెక్టులను బట్టి పోతుంది. కాబట్టి ఒక ఉద్యోగం సంపాదించడంతో సరిపోదు, మళ్లీ మళ్లీ ఇంటర్వ్యూకు నిలబడగల సామర్థ్యం సంపాదించుకోవాలి.

ఇక ఆ అబ్బాయి సంగతి. తన పనులన్నీ పంపమన్నాను. ముప్పై రెండు చిత్రాలు, నాలుగు నిమిషాల వీడియో పంపాడు. అందులో ఒక పాత కోట ప్రాంగణం ఉంది. చాలా బాగుంది. కాని ఆ ప్రాంగణాన్ని నేను అంతకు ముందే చూశాను. అదే శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన మరో ముగ్గురి సంచికల్లో అదే కోట, అదే వెలుగు, అదే మలుపు. ఫోను చేసి అడిగాను: “బాబూ, ఇందులో నీవు చేసినది ఏది?” కొంతసేపు నిశ్శబ్దం. తరువాత అన్నాడు: “మేం ఆరుగురం కలిసి చేశాం సర్. నేను మెట్లు, బావి చేశాను.” “మరి ఇంటర్వ్యూలో అలాగే చెప్పావా?” అని అడిగాను. “మొత్తం నాదేనన్నాను సర్. వెంటనే గోడల గురించి అడిగారు. చెప్పలేకపోయాను.”

మూడు ఇంటర్వ్యూలలోనూ అతడిని ఆపినది ఈ ఒక్క ప్రశ్నే. ఈ నెల నేను చెప్పదలచినది కూడా ఈ ఒక్కటే: చిత్రకళా ఉద్యోగాల ఇంటర్వ్యూ అంటే ప్రతిభా ప్రదర్శన కాదు, మన చేతి పనికి మనం లెక్క చెప్పడం. బొమ్మ ఎలా ఉందో వారు ముందే చూసి ఉంటారు. నచ్చింది గనుకనే పిలిచారు. పిలిచినది మరొకటి తెలుసుకోవడానికి: ఈ పని నిజంగా ఇతనిదేనా, ఎందుకు ఇలా చేశాడో ఇతనికి తెలుసా, తప్పు చూపితే దిద్దుకోగలడా. మెట్లు, బావి మాత్రమే చేసినవాడు “మెట్లు, బావి నావి” అని చెప్పి, ఆ బావి రాయి అంచులు ఎందుకు అరిగాయో వివరించగలిగితే అతనికి పని ఇవ్వవచ్చు. కోట అంతా నాదేనని చెప్పి గోడ దగ్గర ఆగిపోయిన వానికి ఇవ్వలేం. వాని బావి కూడా అనుమానాస్పదమైపోతుంది. మన ఇళ్లలో పిల్లలకు అమానతు గురించి చెబుతూనే ఉంటాం. ఇతరుల శ్రమ కూడా ఒక అమానతే.

ఇప్పుడు సన్నాహం ఎలాగో చూద్దాం.

మొదటిది, ఏ ఉద్యోగమో తేల్చుకోవడం. “ఏదైనా చేస్తాను” అన్న మాట దర్జీ దుకాణంలో కుర్రవానికి సరిపోవచ్చును గాని, ఇక్కడ సరిపోదు. ఊహా చిత్రాలు గీసేవారు వేరు, వస్తువుల త్రీడీ ఆకారాలు నిర్మించేవారు వేరు, వాటి పైపొరకు రంగు, తుప్పు, దుమ్ము దిద్దేవారు వేరు. పాత్రలకు ఎముకల గూడు అమర్చేవారు, కదలిక ఇచ్చేవారు, వెలుగు అమర్చేవారు, చివరకు అన్ని పొరలనూ ఒకే దృశ్యంగా కూర్చే కంపోజిటర్లు, ఇలా ఎవరి పని వారిది. సినిమా స్టూడియోలలో చాలామంది కొత్తవారికి మొదట దొరికేది రోటో పని, అంటే ప్రతి ఫ్రేములోనూ మనిషి లేదా వస్తువు అంచు వెంబడి గీసి వేరుచేయడం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఐదు సెకన్ల దృశ్యమంటే 120 ఫ్రేములు. ఓర్పు కావలసిన పని. చిన్న పని అని కొందరు తీసిపారేస్తారు. కాని ఈ ద్వారం గుండా ప్రవేశించి పెద్ద బాధ్యతలకు ఎదిగినవారు నా ఎరుకలో అనేకులు.

సినిమాకు, ఆటకు మధ్య ఉన్న తేడా కూడా తెలిసి ఉండాలి. ఇంటర్వ్యూలో ఇది తప్పక అడుగుతారు. సినిమాలో ఒక్క ఫ్రేమును కంప్యూటరు గంటల తరబడి లెక్కించినా ఫరవాలేదు, ప్రేక్షకునికి చేరేది పూర్తయిన చిత్రం. ఆటలో అలా కాదు. ఆడేవాడు తల తిప్పిన క్షణాననే కొత్త దృశ్యం సిద్ధం కావాలి. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్కదానికి దొరికేది దాదాపు 16 మిల్లీసెకన్లు. కనుక ఆటలకు పనిచేసేవాడు తక్కువ ముక్కలతో ఎక్కువ రూపం సాధించాలి. దగ్గర నుంచి కనిపించే వస్తువుకు ఒక ఆకారం, దూరాన కనిపించే అదే వస్తువుకు తేలికైన మరో ఆకారం తయారుచేయాలి. “ఈ కుర్చీకి ఇన్ని త్రిభుజాలు ఎందుకు వాడారు?” అని అడిగితే బదులు చెప్పగలగాలి. అందమైన కుర్చీని చూపి సంఖ్య చెప్పలేని వారిని నేను ఎందరినో చూశాను.

రెండవది, పనుల సంచిక, అంటే పోర్ట్‌ఫోలియో. ముప్పై రెండు చిత్రాలు వద్దు. ఐదారు చాలు. మనల్ని అంచనా వేసేవారు మన బలహీనమైన బొమ్మను చూసి వేస్తారు, ఉత్తమమైనదాన్ని చూసి కాదు. “ఇది కూడా బాగుందనుకున్నాడంటే ఇతని చూపు ఇంతే” అని తోస్తుంది. అన్నిటికంటే మంచిది మొదట ఉంచండి. సందేహం ఉన్నదాన్ని తీసివేయండి. వీడియో ఒకటి రెండు నిమిషాలకు మించకూడదు. సంగీతం పెట్టకపోయినా నష్టం లేదు, చాలాచోట్ల శబ్దం తీసివేసే చూస్తారు. త్రీడీ పని అయితే తుది రూపంతో పాటు దాని తీగల అమరికను, పైపొర విప్పి పరచిన చిత్రాన్ని కూడా చూపండి. చొక్కాను విప్పి చూస్తే లోపలి కుట్టు తెలిసినట్లే, అక్కడే మన పనితనం బయటపడుతుంది.

ప్రతి పని కిందా రెండు వాక్యాలు వ్రాయండి: ఏ భాగం నాది, ఏది ఇతరులది. సామూహిక పనిని దాచనక్కరలేదు, ఆరుగురితో కలిసి పనిచేయడం కూడా అర్హతే. ఇంటర్నెట్టు నుంచి తీసుకున్న ఆకారాలు, ముందుగా తయారైన పైపొరలు వాడి ఉంటే ఆ మాట చెప్పండి. కృత్రిమ మేధతో పుట్టించిన చిత్రం ఎక్కడైనా ఉపయోగించి ఉంటే అదీ చెప్పండి. కొన్ని సంస్థలు దానిని అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు. దాచినట్లు తెలిస్తే మాత్రం ఎవరూ ఉపేక్షించరు. ఇంతకు ముందు ఎక్కడైనా పనిచేసి ఉంటే, ఇంకా విడుదల కాని సినిమా లేదా ఆట తాలూకు దృశ్యాలను చూపనే చూపకండి. రహస్యం కాపాడతానని సంతకం చేసినవాడు ఆ మాట తప్పితే, రేపు మన రహస్యాలనూ ఇలాగే చూపుతాడని అవతలివారు తలుస్తారు.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని కుంగిపోవలసిన పని లేదు. బ్లెండర్ పూర్తిగా ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ దానితోనే తయారైంది. కంపోజిటింగ్‌కు వాడే న్యూక్, పొగ, నీరు, మంటల పనికి వాడే హౌడినీ, ఈ రెండింటికీ నేర్చుకునేవారి కోసం ఉచిత రూపాలున్నాయి. ఉద్యోగ ప్రకటనలో మాయా అని ఉంటే మాయా నేర్చుకోవలసిందే. కాని కన్ను సిద్ధమైన వానికి పరికరం మారడం కొన్ని వారాల పని.

మూడవది, ఏం చేయాలన్న ప్రశ్న. గుంటూరు అబ్బాయిని “కోటను పక్కన పెట్టి, మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువును చెయ్యి” అన్నాను. “మా ఇంట్లో ఏముంది సర్, అబ్బా కుట్టుమిషను తప్ప” అన్నాడు. అదే చేయమన్నాను. మొదట ఫొటోలు చూసి చేశాడు. నల్లని ఒంటికి బంగారు తీగల నగిషీ అంతటా సమానంగా మెరుస్తూ, దుకాణం నుంచి అప్పుడే తెచ్చినట్లుంది. “దీని వయసెంత?” అని అడిగితే తెలియదన్నాడు. “అబ్బాను అడుగు” అన్నాను.

ఆ సాయంత్రం తండ్రీకొడుకులు మిషను ముందు కూర్చున్నారట. ఎన్నో నెలల తరువాత తండ్రి అంతసేపు మాట్లాడారట. గుడ్డ ఎటు నుంచి ఎటు జారుతుందో చూపారు. సూది ముందున్న పలక మీద బంగారు గీతలు పూర్తిగా అరిగిపోయి ఇనుము తెల్లగా బయటపడింది, ఎందుకంటే ఏళ్ల తరబడి గుడ్డ జారినది అక్కడే. చక్రం అంచు నున్నగా మెరుస్తున్నది, అక్కడే అరచేయి పడుతుంది. నూనె పోసే రంధ్రాల చుట్టూ దుమ్ము నల్లగా పేరుకుంది. గుడ్డ తాకని వెనుక భాగంలో మాత్రం నగిషీ కొత్తదిలాగే ఉంది. తొక్కుడు పలక మీద ఒక పక్కనే ఎక్కువ అరుగుదల, తండ్రి కుడి కాలితో ఎక్కువగా తొక్కుతారు. ఇవన్నీ ఏ శిక్షణ కేంద్రమూ నేర్పలేదు. ఒక వస్తువు మీద మనిషి జీవితం ఎక్కడెక్కడ గుర్తు వదులుతుందో గ్రహించడమే మా పనిలో సగం.

మన చుట్టూ ఇటువంటి పాఠాలకు కొదవ లేదు. 1591లో కట్టిన చార్మినార్ సున్నపు నగిషీలు, కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాల కింది రేకులు, కొండవీడు కోట రాళ్లు, బీదరు పనివారి వెండి తీగల అల్లిక, ఇవి మనకు బస్సు ప్రయాణం దూరంలో ఉన్నాయి. 2023లో వచ్చిన ‘అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్’ అనే ఆటలో తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు నగరాన్ని నిర్మించారు. అటువంటి వీధిని నిర్మించవలసి వచ్చినప్పుడు తోరణం ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, నక్షత్రాకారపు అల్లిక ఎలా పునరావృతమవుతుందో చిన్ననాటి నుంచి చూసిన కన్ను ఎంతో ఉపకరిస్తుంది. విదేశీ సైనికుని బొమ్మ వెయ్యిన్నొకటవ సారి చేసేకంటే, మనకు తెలిసిన గుమ్మాన్ని మొదటిసారి సరిగా చేయడం మేలు.

నాలుగవది, మాటల సాధన. ఇంటర్వ్యూకు వారం రోజుల ముందు నుంచి, ప్రతి బొమ్మ గురించీ రెండు నిమిషాలు పైకి చెప్పండి. వినేవారు ఈ రంగం తెలియని వారైతే మరీ మంచిది, అమ్మ కావచ్చు, చెల్లి కావచ్చు. వారికి అర్థమైతే మీకు అర్థమైనట్లే. మొదట తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి, తరువాత ఇంగ్లీషులో చెప్పండి. ఇంగ్లీషు గంభీరంగా ఉండనక్కరలేదు, విషయం స్పష్టంగా ఉంటే చాలు. సాధారణంగా ఎదురయ్యే ప్రశ్నలు ఇవి: ఇందులో మీరు చేసినది ఏది? ఎన్ని రోజులు పట్టింది? ఏ ఆధార చిత్రాలు చూశారు? ఎక్కడ ఇబ్బంది పడ్డారు, ఎలా దాటారు? మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? చివరి ప్రశ్నకు “ఏమీ మార్చను” అనేది అన్నిటికంటే బలహీనమైన జవాబు. రోజుల లెక్కను తగ్గించి చెప్పకండి. మూడు వారాలు పట్టినదాన్ని మూడు రోజులంటే, ఉద్యోగంలో చేరాక మూడు రోజులే ఇస్తారు.

కొన్నిసార్లు అక్కడికక్కడే లోపం చూపుతారు. అది అవమానం కాదు, పరీక్ష. ఈ వృత్తిలో ప్రతి ఉదయం ఎవరో ఒకరు మన పనిని తెర మీద పెట్టి తప్పులు చెబుతారు. వాదించకుండా విని, కాగితం మీద వ్రాసుకుని, “వెలుగు దిశ మార్చమంటున్నారా, తీవ్రత తగ్గించమంటున్నారా?” అని తిరిగి అడిగే అభ్యర్థి వెంటనే గుర్తుండిపోతాడు.

ఐదవది, ఇంటికి ఇచ్చే పరీక్ష పని. సూచనలను రెండుసార్లు చదవండి, సందేహముంటే మొదలుపెట్టక ముందే అడగండి, ఫైళ్లకు వారు చెప్పిన పేర్లే పెట్టండి, గడువు దాటకండి. ఇతరుల చేత చేయించకండి. అయితే జాగ్రత్త కూడా అవసరం. ఒకటి రెండు రోజుల పరీక్ష సహజం. వారాల తరబడి జీతం లేకుండా నిజమైన ప్రాజెక్టు దృశ్యాలు చేయించుకునేవారు ఉంటే మర్యాదగా తప్పుకోండి. ఉద్యోగం కోసం డిపాజిట్టు, శిక్షణ రుసుము అంటూ ముందుగా డబ్బు అడిగేచోట అడుగు పెట్టకండి. అమ్మ మెడలోనివి కూడా అమ్ముడు పోయేది అటువంటి చోటనే.

మన కుటుంబాల్లో మరో ప్రశ్న తప్పక తలెత్తుతుంది: జీవుల రూపాలు తయారుచేయడం, మన విలువలకు సరిపడని దృశ్యాల మీద పనిచేయడం తగునా? ధార్మిక నిర్ణయం పండితులను అడిగి తెలుసుకోవలసిన విషయం, అది చెప్పే అర్హత నాకు లేదు. వృత్తి పరంగా ఒక్క సంగతి చెప్పగలను. కట్టడాలు, పరిసరాలు, వాహనాలు, వస్తువులు, వెలుగు, నీరు, పొగ, వీటికి వేర్వేరు విభాగాలున్నాయి. వాటిలోనే జీవితమంతా పనిచేసినవారున్నారు. ఏ పనికి ఒప్పుకోలేరో దరఖాస్తుకు ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఇంటర్వ్యూలో నెమ్మదిగా అడగండి. చేరిన తరువాత ప్రాజెక్టు మధ్యలో చెప్పడం ఇరువురికీ నష్టం.

అలాగే పని వేళలు, గడువు దగ్గరపడినప్పుడు రాత్రి ఎంతవరకు ఉండవలసి వస్తుంది, ఒప్పందం ఎన్ని నెలలు, జుమా వేళకు గంటసేపు వెళ్లి రావచ్చునా, ఆడపిల్లలకు రాత్రి రవాణా సౌకర్యం ఉన్నదా, ఈ ప్రశ్నలు అడగడం తప్పు కాదు. “మీరేమైనా అడుగుతారా?” అని వారే చివర అడుగుతారు. అప్పుడు మౌనంగా ఉండటమే పొరపాటు. అయితే మొదటి ప్రశ్న పని గురించి ఉండాలి, ఆ తరువాత వేళల గురించి.

గుంటూరు అబ్బాయి నాలుగవ ఇంటర్వ్యూకు ఐదు పనులు మాత్రమే తీసుకువెళ్లాడు. కోట ప్రాంగణం కూడా ఉంది. దాని కింద “ఆరుగురి పని. మెట్లు, బావి నావి” అని వ్రాశాడు. కుట్టుమిషను గురించే అరగంట అడిగారట. అక్కడ కూడా వెంటనే తీసుకోలేదు. కాని ఈసారి కారణం చెప్పారు: ఇనుము మెరుపు, చెక్క మెరుపు ఒకేలా ఉన్నాయి, అది దిద్ది పంపమన్నారు. పది రోజుల్లో దిద్ది పంపాడు. రెండు నెలల తరువాత అదే చోట ఆరు నెలల శిక్షణ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. జీతం తక్కువే. ఆరు నెలల తరువాత ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేం. ఇది అతనికీ తెలుసు, తల్లికీ తెలుసు.

ఆమె మళ్లీ ఉత్తరం వ్రాశారు. బంధువుకు దుకాణం వద్దని చెప్పేశామన్నారు. గాజుల మాట ఎక్కడా ఎత్తలేదు. చివర మాత్రం ఇలా వ్రాశారు: “వాళ్ల అబ్బా ఆ మిషను బొమ్మను ఫోనులో పెట్టుకున్నారు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివారికీ చూపి, ఇది ఫొటో కాదు, మా అబ్బాయి చేసినది అంటున్నారు.”